వెర్నా లస్క్ కాలమ్ ఆగిన గురువారం

హార్మన్ ఫెర్రీ ఊళ్ళో, కొరియర్ పత్రిక ఆఫీసులో, కిటికీ పక్క కుర్చీలో వెర్నా లస్క్ ముప్పై ఒక్క ఏళ్ళు కూర్చుని రాసింది. ఆ కిటికీలోంచి ఒహాయో నదీ, అవతలి ఒడ్డున మూతబడ్డ ఉక్కు ఫ్యాక్టరీ పొగగొట్టాలూ కనిపించేవి. ఆమెకి రెండు బల్లల అవతల నేను పేజీలు కూర్చేదాన్ని. నా పేరు ఐలీన్ గ్రబ్. ఆమె గురించి రాయడానికి ఊళ్ళో నాకంటే అర్హులు ఉండొచ్చు గాని, నాకున్నంత అవసరం ఇంకెవరికీ లేదు.

ఆమె కాలమ్ ప్రతి గురువారం నాలుగో పేజీలో వచ్చేది. ఎక్కువగా ఊరి సంగతులే. మురుగు కాలువల గురించి అంత ఆసక్తిగా రాయగలిగిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. భర్త ఏమస్ నది మీద సరుకు పడవలు నడిపేవాడు, గుండెపోటుతో పోయాడు. పిల్లల్లేరు. చలికాలమంతా ఆయన పాత స్వెటరే వేసుకుని, మోచేతుల దగ్గర చిరుగులు కనబడుతున్నా పట్టించుకోకుండా తిరిగేది. ఊళ్ళో మూడొంతుల మంది రిపబ్లికన్లు. ఆమె డెమొక్రాట్ అని అందరికీ తెలుసు. మంగలి హోయ్ట్ రోడ్డు మీద కనబడితే, "ఏం వెర్నా, మీవాళ్ళు ఇంకా ఓడిపోతూనే ఉన్నారా?" అనేవాడు. "మాకు అలవాటైపోయింది హోయ్ట్, నీకు జుట్టు ఊడటం అలవాటైనట్టు" అనేది ఆమె. అక్కడితో సరిపోయేది. అలాంటి ఊరు మాది, రెండువేల మూడో సంవత్సరం దాకా.

ఆ ఫిబ్రవరిలో టీవీ పెడితే చాలు యుద్ధమే. ఇరాక్‌వాళ్ళు ఊళ్ళకి ఊళ్ళని చంపే ఆయుధాలు దాచారట, వెళ్ళి పట్టుకోవాలట. తెర మూల జెండా, వెనక డప్పుల సంగీతం, రిటైరైన జనరళ్ళు ఇరాక్ పటం మీద బెత్తాలు పెట్టి వంటల కార్యక్రమంలో చెప్పినట్టు ఒక్కో మెట్టూ వివరించడం. ఆ వారం వెర్నా ఇలా రాసింది:

"నేను ఇరవై ఏళ్ళుగా స్కూలు బోర్డు మీటింగులకి వెళుతున్నాను. బస్సుకి కొత్త టైర్లు కావాలంటే బోర్డువాళ్ళు మూడు చోట్ల ధర కనుక్కురమ్మంటారు, పాత టైర్లు తెచ్చి చూపించమంటారు. వేలమంది పిల్లల్ని యుద్ధానికి పంపుతామంటే మాత్రం చూపించమని ఎవరూ అడగడం లేదు. అడగడం మా వృత్తి. పెద్ద పత్రికలూ టీవీలూ ఆ వృత్తిని వదిలేసి బాకాలు పట్టుకున్నాయి. యుద్ధం అవసరమని నిరూపిస్తే నేను నోరు మూసుకుంటాను. ఇంతవరకు నాకు చూపించింది బాణాల గుర్తులు గీసిన పటాలు మాత్రమే."

శుక్రవారం పొద్దుటినుంచి ఫోన్లు. మొదటిది నేనే ఎత్తాను. "ఆ ముసలావిడకి చెప్పమ్మా, బాగ్దాద్‌కి టికెట్టు మేం చందాలేసి కొనిపెడతాం. రావడానికి మాత్రం ఆవిడే చూసుకోవాలి" అన్నాడొకాయన, చాలా మర్యాదగా. నెల తిరక్కుండా రెండొందల చిల్లర చందాదారులు పత్రిక మానేశారు. కార్ల షోరూమువాళ్ళు ప్రకటనలు ఆపేశారు. చర్చిలో అందరూ తలా ఒక వంటకం తెచ్చే విందులో, ఆమె తెచ్చిన చీజు బంగాళాదుంపల పళ్ళెంలో ఎవరూ గరిటె పెట్టలేదు. వెర్నా మూత పెట్టుకుని ఇంటికి పట్టుకుపోయి నాలుగు రోజులు మధ్యాహ్నం అదే తిన్నది, మా ఎదురుగా.

పత్రిక యజమాని క్లిఫ్ స్టాడ్లర్ ఆమెకంటే పదిహేనేళ్ళు చిన్న. వాళ్ళ నాన్న ఆమెని ఉద్యోగంలో పెట్టాడు. ఒకరోజు క్లిఫ్ ఆమె బల్ల మూల మీద కూర్చున్నాడు.

"వెర్నా, మా నాన్న ఉన్నా ఇదే అడిగేవాడు. కొన్నాళ్ళు లైబ్రరీ గురించి రాయండి."

"లైబ్రరీలో పుస్తకాలున్నాయో లేవో నేను వెళ్ళి చూసి రాస్తాను క్లిఫ్. వీళ్ళు చూడకుండానే యుద్ధానికి పోతున్నారు."

"మీరు చెప్పేది తప్పని నేనట్లేదు. ఇప్పుడొద్దంటున్నాను."

"మరెప్పుడు?"

క్లిఫ్ లేచి వెళ్ళిపోయాడు. ఆమె రాస్తూనే ఉంది. మార్చిలో యుద్ధం మొదలైంది, మేలో గెలిచేశామన్నారు.

వెర్నా పక్కింట్లో డోరీన్ పల్లక్ అనే ఆవిడ ఉండేది. సూపర్‌మార్కెట్లో కేకుల కౌంటరు దగ్గర పని. మొగుడు ఎప్పుడో వదిలేసి పోయాడు. ఒక్కడే కొడుకు జెరాడ్. ఇరవై రెండేళ్ళు. కాలేజీ ఫీజు కలిసొస్తుందని, అవసరమైతేనే పిలిచే సైన్యం రిజర్వులో చేరాడు. లారీ డ్రైవరుగా ఇరాక్ పంపారు. వెర్నా రాతలు డోరీన్‌కి నచ్చేవి కావు. అయినా కంచె దగ్గర మాటలు ఆగలేదు. "నీ కాలమ్ చదవను గాని, నీ టమాటాలు మాత్రం పంపించు" అనేది.

నవంబరులో జెరాడ్ నడుపుతున్న లారీ కింద రోడ్డు మీద బాంబు పేలింది.

అంత్యక్రియలకి పెద్ద ఊరినుంచి టీవీవాళ్ళు వచ్చారు. స్మశానం గేటు దగ్గర మైకు పెట్టి, కొడుకుని చూసి గర్వపడుతున్నారా అని డోరీన్‌ని అడిగారు. నేను పక్కనే ఉన్నాను. ఆమె అన్న మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తు. "వాడంటే నాకు ఎప్పుడూ గర్వమే. కాని వాణ్ణి ఎందుకు పంపారో ఎవరైనా నా మొహం చూసి చెప్పమనండి." ఆ సాయంత్రం వార్తల్లో మొదటి వాక్యం వేశారు. తర్వాత జెండా చూపించి, వాతావరణం చెప్పారు.

మర్నాడు డోరీన్ ఒక ఉత్తరం పట్టుకుని వెర్నా ఇంటికి వచ్చింది. జెరాడ్ ఆగస్టులో రాసింది. అందులో ఇలా ఉంది:

"అమ్మా, ఇక్కడ ఏమీ లేదు. ఆయుధాలు వెతికేవాళ్ళ వెనక మేమే లారీలు తోలాం. ఒట్టి షెడ్లు. ఒకచోట కోళ్ళఫారం. టీవీలో మీకేం చెబుతున్నారో తెలీదు. ఇక్కడి జనం మమ్మల్ని ఎలా చూస్తారంటే, మన వీధిలో ఇల్లు జప్తు చెయ్యడానికొచ్చిన షెరీఫ్ మనుషుల్ని మనం చూసినట్టు. పక్కింటి వెర్నా చెప్పిందే నిజమేమో అనిపిస్తోంది. ఆవిడకి మాత్రం చెప్పకు, నెత్తికెక్కుతుంది."

"టీవీవాళ్ళు నా మాట కోసేశారు. నువ్వు వాడి మాట కొయ్యకుండా వెయ్యి" అంది డోరీన్.

వెర్నా ఉత్తరం మొత్తం పెట్టి, పైన నాలుగు వాక్యాలు మాత్రం తను రాసి క్లిఫ్‌కి ఇచ్చింది. క్లిఫ్ రెండుసార్లు చదివాడు. కళ్ళు తడయ్యాయి కూడా. తర్వాత, "వెయ్యలేను" అన్నాడు. "ఇంకో వంద చందాలు పోతే నేను మనుషుల్ని తీసెయ్యాలి. మీరే చెప్పండి, ఎవర్ని తియ్యమంటారు?" అని అడిగాడు.

మాది మధ్యాహ్నం పత్రిక. పదకొండుకల్లా పేజీలు అచ్చుకి పోవాలి. ఆ గురువారం పదిన్నరకి వెర్నా నా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఐలీన్, నాలుగో పేజీలో ఉత్తరం పెట్టేశాను. క్లిఫ్ వద్దన్నాడు. నువ్వేం చెయ్యక్కర్లేదు, మామూలుగా పంపెయ్. తర్వాత అడిగితే నేనే పెట్టానని చెబుతాను. అబద్ధం కూడా కాదుగా."

సరేనన్నాను. ఆమె తన కుర్చీకి వెళ్ళిపోయింది.

మా ఆయనకి ఆ వేసవిలో వెన్ను విరిగింది. ఉద్యోగం లేదు. ఆస్పత్రి బీమా అంతా నా ఉద్యోగం మీదే. ఇది సాకు కాదు, జరిగింది చెబుతున్నాను. ఇరవై నిమిషాలు ఆ పేజీ వైపే చూస్తూ కూర్చున్నాను. ఉత్తరం మళ్ళీ చదివాను. కోళ్ళఫారం దగ్గర నవ్వొచ్చింది. తర్వాత ఫోనెత్తి క్లిఫ్‌ని కిందికి రమ్మన్నాను.

ఆయన వచ్చి పేజీ చూశాడు. ఉత్తరం తీయించి, ఆ ఖాళీలో స్కూలు పిల్లల క్రిస్మస్ నాటకం ఫోటో పెట్టించాడు. వెర్నా కేకలెయ్యలేదు. స్వెటరు తగిలించుకుని, సొరుగు ఖాళీ చేసుకుని, వెళుతూ నా బల్ల దగ్గర ఆగింది.

"పేజీ నిండిందా?"

"నిండింది."

"మంచిది" అంది.

తర్వాతి సోమవారం ఆమె పదవీ విరమణ చేసిందని ఆరు లైన్ల వార్త వేశాం. అదీ నేనే కూర్చాను.

అప్పట్నించి వెర్నా ప్రతి శనివారం పన్నెండుకి కోర్టు మెట్ల దగ్గర అట్ట పట్టుకుని నిలబడేది. "ఆయుధాలెక్కడ?" అని నల్లరంగుతో రాసి ఉండేది, అంతే. ఒక్కోసారి ఇంకో ముగ్గురు నలుగురు చేరేవాళ్ళు, ఎక్కువసార్లు ఒక్కతే. కార్లలోంచి మధ్యవేళ్ళు చూపించేవాళ్ళు. ఒకడు కోలా కప్పు విసిరాడు. డోరీన్ రెండు శనివారాలు వచ్చి పక్కన నిలబడింది. మూడో వారం సూపర్‌మార్కెట్లో ఎవరో కౌంటరు మీదికి వంగి, "కన్నకొడుకు పరువు తీస్తున్నావమ్మా" అన్నారట. మళ్ళీ రాలేదు.

రెండువేల ఐదులో జిల్లావాళ్ళు నది మీద వంతెనకి జెరాడ్ పేరు పెట్టారు. రిబ్బను డోరీన్ చేతే కత్తిరించారు. స్వేచ్ఛ కోసం ప్రాణమిచ్చాడని ఒకాయన మాట్లాడాడు. వెర్నా ఆ సభకి వచ్చి వెనక నిలబడింది, అట్ట తేలేదు. సభ అయ్యాక డోరీన్ నేరుగా ఆమె దగ్గరికే వచ్చింది. నేను అక్కడికి నాలుగడుగుల దూరంలో ఉన్నాను.

"ఆ ఉత్తరం నాకు తిరిగి ఇచ్చెయ్ వెర్నా."

"ఇస్తాను. ఏం చేస్తావు?"

"పొయ్యిలో వేస్తా. నీ నకళ్ళేమైనా ఉంటే అవీ ఇయ్యి. ఇంకెప్పుడూ దాని సంగతి ఎత్తనని మాటివ్వు."

"అది జెరాడ్ రాసిన మాట, డోరీన్."

"వాడు రాసిందే. నువ్వు చెప్పిందే నిజం. అయితే ఏంటి? నీకు నిజం చాలు. నీకు ఇంటికెళితే స్వెటరు వేసుకుని నేను ముందే చెప్పానని కూర్చోడానికి ఉంది. నాకేం ఉంది? నాకు ఈ వంతెన ఉంది. పొద్దున్నే పనికి పోతూ వాడి పేరు చదువుకుంటా. దాన్ని కూడా పీక్కోకు."

వెర్నా వంతెన మీది పేరు వైపు ఒకసారి చూసింది. తర్వాత మాటిచ్చింది. ఆ సాయంత్రమే ఉత్తరం, నకలు, తను రాసిన నాలుగు వాక్యాలతో సహా కవరులో పెట్టి పక్కింట్లో ఇచ్చేసింది. ఆ తర్వాత ఇద్దరి మధ్య కంచె దగ్గర మాటల్లేవు.

మరుసటి ఏడు గాలి మారింది. ఎన్నికల్లో డెమొక్రాట్లు గెలిచారు. ఊళ్ళో ఎవర్నడిగినా యుద్ధం మొదట్నించీ తమకి ఇష్టం లేదన్నారు. టీవీలో ఆ జనరళ్ళే అవే బెత్తాలతో ఎక్కడ పొరపాటు జరిగిందో వివరించారు. ఒక్కరు కూడా ఉద్యోగం పోగొట్టుకోలేదు. పోయింది వెర్నా ఉద్యోగమే. నవంబరులో క్లిఫ్ ఆమె ఇంటికి వెళ్ళాడు. ఫోటోలు తియ్యడానికని నన్ను వెంటబెట్టుకెళ్ళాడు.

"ఆ ఉత్తరం ఇప్పుడు వేద్దాం వెర్నా. మీ కాలమ్‌తో సహా. జనం ఇప్పుడు వినడానికి సిద్ధంగా ఉన్నారు."

"ఎందుకంటావు?"

"అంటే?"

"ఇప్పుడు వినడానికి ధైర్యం అక్కర్లేదు గనక. అంతేనా?"

క్లిఫ్ టోపీ చేతుల్లో తిప్పుకున్నాడు. "మీకు న్యాయం జరగాలని."

"ఉత్తరం నా దగ్గర లేదు. ఉన్నా ఇవ్వను" అంది వెర్నా. "డోరీన్‌ని అడగడానికి వెళ్ళావో, నీ మొహం మళ్ళీ చూడను."

ఆయన వెళ్ళలేదు. ఆదివారం సంపాదకీయంలో "మనమందరం మోసపోయాం" అని రాశాడు. మంగళవారం వెర్నానుంచి సంపాదకుడికి ఒక కార్డు వచ్చింది. ఒకే వాక్యం: "అయ్యా, మనమందరం కాదు." కనీసం యాభై మాటలుంటేనే లేఖ వేస్తామనేది మా నిబంధన. వెయ్యలేదు.

నేను క్లిఫ్‌కి చేసిన ఆ ఫోను సంగతి ఆమెతో ఒకసారి ఎత్తాను, మందుల షాపు వరసలో నిలబడి. "వెర్నా, ఆ రోజు..." అన్నాను. "మీ ఆయన వెన్ను ఎలా ఉంది?" అని అడిగింది. నడుస్తున్నాడని చెప్పాను. "అదొక్కటన్నా మిగిలింది" అంది. వెటకారంగా కాదు. అందుకే నాకు ఇప్పటికీ ఆ మాట మింగుడుపడదు.

రెండువేల ఎనిమిది ఏప్రిల్లో వెర్నాకి పక్షవాతం వచ్చి, వారం రోజులు మాట లేకుండా ఉండి, పోయింది. మరణవార్త కోసం మేనకోడలు పంపిన వివరాల్లో ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగం, చర్చి, తోట ఉన్నాయి. యుద్ధం లేదు. నేను చేర్చబోయాను. "కుటుంబం ఇచ్చిందే వెయ్యి ఐలీన్" అన్నాడు క్లిఫ్. వేశాను.

చర్చికి పద్దెనిమిది మంది వచ్చారు. డోరీన్ కౌంటరు ఏప్రను మీదే కోటు వేసుకుని వచ్చి చివరి వరసలో కూర్చుంది. బయట నన్ను ఆపింది.

"చివర్లో జెరాడ్ గురించి ఎక్కడన్నా ఏమన్నా రాసిపెట్టిందా?"

"లేదు. ఒక్క ముక్క రాయలేదు."

డోరీన్ తల ఊపింది. మొహంలో ఊరట కనబడింది. ఆ వెంటనే అది కూడా పోయింది. రెండింటికి డ్యూటీ ఉందని వెళ్ళిపోయింది.

నేను ఆఫీసుకి తిరిగొచ్చాను. ఆరో పేజీకి ఇరాక్‌నుంచి ఆ రోజు వార్త వచ్చి ఉంది. ముగ్గురు సైనికులు పోయారు, పేర్లూ ఊళ్ళూ ఇచ్చారు. పరుపుల దుకాణం ప్రకటన అనుకున్నదానికంటే పెద్దదొచ్చింది. చోటు చాలలేదు. పేర్లు తీసేసి, ముగ్గురని అంకె ఉంచి, పేజీ పంపించాను.