సవతి కోసం ఏడుపు

అమెరికాలోని యూటా ఎర్రకొండల కింద, మోర్మన్లనే క్రైస్తవ శాఖవారి బహుభార్యల కాపురం మీద ఏ సినిమా తీసినా లవీనాకు వేషానికి పిలుపొస్తుంది. అరవై దాటిన లవీనా నిజంగానే ముగ్గురు భార్యల్లో పెద్దది. మణికట్టు దాకా చేతులున్న పాత గౌను ఇంటి దగ్గరే తొడుక్కొచ్చి, పిలిచేదాకా కుర్చీలో కునికిపాట్లు పడుతుంది. ఆ రోజు, మొగుడు చిన్నభార్య గదిలోకి వెళ్తుంటే కిటికీ దగ్గర నిలబడి ఏడవమన్నాడు డైరెక్టరు.

“మా ఆయన అటు వెళ్తేనే నాకు కంటినిండా నిద్ర, నాయనా. నేను ఏడ్చింది మా థోరా పోయినప్పుడు. సవతే, కానీ నాకు పురుళ్లన్నీ పోసింది అదే. అది తియ్యరాదూ?”

“సవతి కోసం ఏడిస్తే ఎవరు నమ్ముతారమ్మా?”

లవీనా కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది. మేకప్ పిల్ల ఆమె కళ్లలో గ్లిసరిన్ వేసింది. కన్నీళ్లు ధారగా కారాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె ముంజేతితో మొహం తుడుచుకుని అడిగింది.

“రేపు ఎన్నింటికి ఏడవాలి?”