దీపం తగ్గని మిషను

వెల్డింగ్ మిషను కొనడానికి బయలుదేరుతూ మేస్త్రమ్మ మేడమెట్ల మీది బల్బును విప్పి, తువ్వాలులో చుట్టి, సంచిలో వేసుకుంది. కూతురు చంకలో పిల్లతో గుమ్మంలో నిలబడి అంతా చూసింది. బల్బు ఎందుకమ్మా అని అడగాలని నోటిదాకా వచ్చింది గానీ, అడిగితే వచ్చే జవాబు తెలుసు కాబట్టి ఊరుకుంది.

ఆవిడ అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తు లేదు. మొగుడు గేట్లు, కిటికీ ఊచలు, మెట్ల రైలింగులు చేసే వెల్డింగ్ మేస్త్రి, కాబట్టి ఈవిడ మేస్త్రమ్మ. పెళ్ళయిన కొత్తలో ఒకనాడు పనివాడు రాకపోతే, "ఈ పైపు కాస్త పట్టుకో" అన్నాడాయన. ఆ పట్టుకోవడం ఆయన పోయేదాకా సాగింది. రాడ్డు ఇనుముకు తగిలించే ముందు ఆయన ఒక్క మాట అనేవాడు. "కళ్ళు." ఆవిడ టక్కున కళ్ళు మూసుకునేది. ముఖానికి అడ్డం పెట్టుకునే నల్లద్దం ఇంట్లో ఒక్కటే, అది ఆయనకే కావాలి. రెండోది కొనొచ్చుగా అని ఆవిడ అడగకపోలేదు. "నువ్వు చూసి చేసేదేముంది, కదలకుండా పట్టుకుంటే చాలు" అని నవ్వేసేవాడు. మనిషి బంగారమే, కాదనను. ఆ ఒక్క నవ్వు తలుచుకుంటే మాత్రం ఈ కథ చెబుతున్న నాకు ఒళ్ళు మండుతుంది. అన్నేళ్ళు ఆ వెలుగు పక్కనే నిలబడి, అది ఎలా ఉంటుందో ఆవిడ ఒక్కసారీ చూడలేదు. చెవులతోనే అన్నీ తెలుసుకుంది. అతుకు బాగా పడుతుంటే వేడి నూనెలో ఏదో వేగుతున్నట్టు సన్నగా, తెగకుండా మోగుతుంది. చెడితే ఉమ్మినట్టు చిట్లుతుంది.

ఆయన మిషను పాతకాలపుది, లోపలంతా రాగిచుట్టలే. ఇద్దరు పట్టినా కదలనంటుంది. బయట పని లేనప్పుడు దాన్ని ఇంట్లోనే, ఇంటి కరెంటు మీదే నడిపేవాడు. అది పని మొదలుపెట్టిందంటే ఇంట్లో దీపాలన్నీ ప్రాణం పోతున్నట్టు తగ్గిపోయేవి. ఒకరోజు సొంత ఇంటి మేడమెట్లకే రైలింగ్ కడుతున్నాడు. ఇంకా అక్కడక్కడా ఒక్కో చుక్క అంటించి నిలబెట్టాడంతే, పూర్తి అతుకులు వేయాలి. ఆవిడ లోపల కుట్టుమిషను ముందు కూర్చుని, ఎవరిదో రవిక తొందరగా ఇవ్వాల్సి ఉండి, విసిగిపోయింది.

"దీపం ఇలా చచ్చీ బతికీ ఉంటే నాకు కుట్టు ఎలా కనబడుతుందండీ? మిగతాది రేపు చేసుకోండి, మీకు పుణ్యముంటుంది."

"చిత్తం మహాతల్లీ" అని ఆయన రాడ్డు బిగించే హోల్డరు కింద పెట్టేశాడు. మర్నాడు పొద్దున్నే పైకెక్కి, పక్కింటాయనతో మాట్లాడుతూ, సంగతి మరిచిపోయి ఆ రైలింగ్ మీద చేయి ఆనించి ఒరిగాడు. చుక్కలు విడిపోయాయి. రైలింగూ ఆయనా కలిసి కింద పడ్డారు. ఆయన మళ్ళీ లేవలేదు.

ఆ తరువాత మేడమెట్ల పైన, రైలింగ్ ఉండాల్సిన చోట తాడు కట్టి వదిలేశారు. పాత మిషను వైరు పీకేసి మూలన పెట్టారు. అయినా మధ్యాహ్నం పూట, ఇల్లు సద్దుమణిగాక, మెట్ల చీకటికి పగలు కూడా వేసే ఉంచే ఆ బల్బు తగ్గుతుంది. తగ్గి, కాసేపు అలాగే ఉండి, మళ్ళీ వెలుగుతుంది. కరెంటాయన వచ్చి మీటరు నుంచి బల్బు దాకా తడిమి చూసి, వైరింగ్ లక్షణంగా ఉందమ్మా అని వెళ్ళిపోయాడు. కూతురికేమో తగ్గినట్టే కనబడదు. మేస్త్రమ్మకు కనబడడమే కాదు, దాని వెనకే చెవి పక్కన ఆ గొంతు కూడా వినబడుతుంది. "కళ్ళు." ఎక్కడున్నా ఆవిడ కళ్ళు మూసుకుపోతాయి. పొయ్యి ముందున్నా సరే, కత్తిపీట మీద కూర తరుగుతున్నా సరే. భయపడేది కాదు, నిజం చెప్పాలంటే ఆ గొంతు కోసం చెవులు రిక్కించుకుని కూర్చునేది. అంత ప్రేమ, అంత పాపం ఒకేచోట పెట్టుకుని బతకడం ఎంత కష్టమో ఆవిడ మొహం చూసినవాళ్ళకు తెలుస్తుంది.

అలాగే గడిచిపోయేదేమో. కానీ కూతురు పిల్లనెత్తుకుని ఉద్యోగం ఇక్కడే చూసుకుని వచ్చేసింది. ఆ పిల్లకు అప్పుడే నడక వచ్చింది. ఒక మధ్యాహ్నం అమ్మమ్మా మనవరాలూ మేడ మీద బట్టలు తీస్తున్నారు. బల్బు తగ్గింది, గొంతు పలికింది, మేస్త్రమ్మ కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి పిల్ల పక్కన లేదు. మెట్ల పైన తాడు పట్టుకుని, ఒక కాలు గాల్లో పెట్టి, ఊయల అనుకుని ఊగుతోంది. ఒక్క అంగలో వెళ్ళి ఆ పిల్లను గుండెకు హత్తుకుని, ఆ పూటంతా కిందికి దించలేదు.

మరిది కూడా ఇనప పనివాడే. "నేనొచ్చి కట్టేస్తానొదినా" అని ఎన్నిసార్లు తన మిషను మోసుకొచ్చాడో. ప్రతిసారీ దీపాలు తగ్గడం, ఈవిడ గొంతు చించుకుని "ఆపు" అని అరవడం, అతను తల పట్టుకుని వెళ్ళిపోవడం. ఈసారి ఆవిడే కబురు పెట్టింది. "ఇంటి కరెంటు మీద నడిచేది, దీపం తగ్గించనిది కావాలయ్యా. చిన్నదైనా పరవాలేదు."

కొట్టువాడు మాటకారి. బల్ల మీద వరసగా మిషన్లు పెట్టి, ఒక్కోదాని మీద రాసిన పెద్ద పెద్ద అంకెలు చూపించాడు.

"ఇది చూడండమ్మా, ఏనుగు బలం."

"ఏనుగును కట్టేయడానికి మా ఇంట్లో చోటు లేదు నాయనా. ఏసీకి పెట్టే సాకెట్ ఒకటుంది, అంతే. సన్న రాడ్డు కాలిస్తే చాలు. ఎంతసేపు నడిచి ఎంతసేపు ఆగుతుందో చెప్పు." సంచిలోంచి బల్బు తీసింది. "దీన్ని కూడా అదే లైను మీద వెలిగించు."

కొట్టువాడు మరిది వైపు చూశాడు. మరిది పైకప్పు వైపు చూశాడు. మాటకారి అయినా మనిషి మంచివాడే, బల్బు తగిలించాడు. మొదటి మిషను రాడ్డు తగలగానే బల్బు ఎర్రగా కుంగింది. ఆవిడ ముఖం పాలిపోయింది. రెండోది కాస్త నయం, అయినా పక్కన పెట్టేయమంది. మూడోది భోజనం క్యారియర్ కంటే కొంచెం పెద్దది, భుజానికి తగిలించుకునే పట్టీ ఉంది, పైన అంకెలు కూడా తక్కువే. అది రాజుకుంటే బల్బు ఒక్కసారి రెప్ప వేసి, మళ్ళీ మామూలుగా నిలబడిపోయింది.

"కాసేపు నడిపాక వేడెక్కి ఆగిపోతుందమ్మా, మళ్ళీ చల్లారాలి" అన్నాడు కొట్టువాడు నిజాయితీగా.

"ఆగనీ. నాకు తొందర లేదు. ఆ తొందర చేసే ఇంత దూరం వచ్చాను."

"అయితే మీరే ఒకసారి గీసి చూడండి" అని నల్లద్దం ఉన్న టోపీ ఆవిడ తలకు పెట్టాడు. మేస్త్రమ్మ హోల్డరు పట్టుకుంది, రాడ్డు తగిలించింది, అది ఇనుముకు అతుక్కుపోయింది. మళ్ళీ తగిలించింది, మళ్ళీ అతుక్కుంది. కొట్టువాడు వంగి పక్క సందులోంచి చూసి నిర్ఘాంతపోయాడు.

"అమ్మా, అద్దం ఉందిగా, కళ్ళు ఎందుకు మూసుకున్నారు?"

ఆవిడకు అప్పుడు తెలిసింది. కొట్టు మధ్యలో, ఎవరూ ఏమీ అనకుండానే, ఆ గొంతు పలికింది, ఈవిడ కళ్ళు దాని మాట విన్నాయి.

దారిలో మరిది మెల్లగా అన్నాడు. "మిషను దొరికిందిగా వదినా. రేపొచ్చి నేను పూర్తి చేసేస్తా."

"వద్దయ్యా, నేనే చేస్తాను. నువ్వు పట్టుకో."

"నీకేం వచ్చని?"

"రాకపోతే నేర్చుకుంటా. రైలింగ్ నువ్వు కట్టేస్తావు సరే. రేపు పొయ్యి దగ్గర ఆ పిల్ల నా కొంగు పట్టుకుని ఉన్నప్పుడు మళ్ళీ ఈ కళ్ళు మూసుకుపోతే? అక్కడ కూడా రైలింగ్ కడతావా?"

మరిది మిషను పట్టీని ఇంకో భుజానికి మార్చుకుని నడిచాడు.

పెరట్లో ముక్కల మీద నేర్చుకోవడం మొదలుపెట్టింది. చెయ్యి నిలకడైనదే, చెవి సంగతి చెప్పనక్కర్లేదు. కళ్ళే మాట వినలేదు. రాజుకునే క్షణానికి మూసుకుపోయేవి, అతుకు ఎటో పోయేది. "వదినా, ఇది అతుకా, వానపామా?" అని మరిది వేళాకోళం చేసేవాడు. ఆవిడ నవ్వేది, అతుకు మీద గట్టిపడిన పెచ్చు కొట్టి పడేసి మళ్ళీ మొదలుపెట్టేది. లోపల మాత్రం ఏడుపే. కళ్ళు తెరిస్తే ఆ గొంతు ఇక రాదేమోనని ఒక భయం, తెరవకపోతే పిల్ల ఏమవుతుందోనని ఇంకో భయం.

చివరికి ఒక మధ్యాహ్నం మెట్ల పైన తాడు విప్పేశారు. బల్బు మళ్ళీ దాని చోటికి వచ్చింది. మరిది రైలింగ్ నిలబెట్టి, రెండు చేతులా పట్టుకున్నాడు. కూతురు కింద గదిలో పిల్లను పట్టుకుని తలుపు వేసుకుంది. మేస్త్రమ్మ ఆనాడు ఆయన ఒరిగిన చోటే మోకాళ్ళ మీద కూర్చుని, టోపీ దించుకుని, రాడ్డు అతుకు దగ్గరకు తెచ్చింది. గొంతు ఎక్కడ పలుకుతుందోనని ఒళ్ళంతా చెవులై ఉంది. పలకకముందే తనే గట్టిగా అంది.

"కళ్ళు!"

మరిది కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ మూసుకోలేదు.

నల్లద్దం వెనక ఆకుపచ్చటి చీకట్లో చిన్న వెలుగు పుట్టింది. దాని కింద ఇనుము కరిగి, గోరంత మడుగై, ఆవిడ చెయ్యి ఎటు పోతే అటు వస్తోంది. వెనకే మడతలు మడతలుగా గట్టిపడుతోంది. సన్నటి చప్పుడు, తెగకుండా. అన్నేళ్ళూ ఆయన చూసింది ఇదన్నమాట. ఇంత అందమైనదాన్ని పక్కనే పెట్టుకుని తనకు ఒక్కసారైనా చూపించలేదని కోపం వచ్చింది. ఆయన పోయాక ఆవిడకు ఆయన మీద కోపం రావడం అదే మొదటిసారి. టోపీ లోపల కన్నీళ్ళు కారుతున్నా రెప్ప వాల్చలేదు.

మిషను వేడెక్కినప్పుడల్లా ఆగుతూ, చల్లారాక మళ్ళీ మొదలుపెడుతూ, ఒక్క చుక్కనూ చుక్కగా వదలకుండా అన్నిటికీ నిండు అతుకులు వేసింది. మరిది సుత్తితో కొట్టి చూసి, పక్కకు జరిగాడు. ఆవిడ లేచి, చీర దులుపుకుని, రైలింగ్ మీద తన బరువంతా వేసి ఒరిగింది. అది కదలలేదు.

మర్నాడు మధ్యాహ్నం పిల్ల చెయ్యి పట్టుకుని మెట్లెక్కుతోంది. కొత్త మిషను పెట్టెలో ఉంది, పాతది మూలన ఉంది. బల్బు తగ్గింది. మేస్త్రమ్మ ఆగింది. పిల్ల కూడా తలెత్తి బల్బు వంకే చూసింది.

"కళ్ళు" అంది ఆ గొంతు, చెవి పక్కనే.

పిల్ల చేతిని ఇంకొంచెం గట్టిగా పట్టుకుని, మసకబారిన ఆ బల్బునే చూస్తూ అంది ఆవిడ.

"తెరిచే ఉన్నాయిలెండి. మీరు పని చూసుకోండి."