దయ్యం తాగిన నీళ్లు

తొంభైల్లో కుప్పంలో మేం అద్దెకున్న ఇంట్లో ఒక దయ్యం ఉండేది. మధ్యాహ్నం అమ్మ కునుకు తీసి లేచేసరికి, పెరటి తలుపు నుంచి నీళ్ల బిందె దాకా తెల్లటి అడుగులు పడి ఉండేవి. బిందెలో నీళ్లు తగ్గేవి.

"ఈ ఇంటి ముసలామె దప్పికతో పోయిందంట. పాపం, తాగనీలేమ్మా," అనేది అమ్మ.

నేను బళ్లో సైన్సు చెప్పేదాన్ని. దయ్యాల్లేవని తేల్చేద్దామని ఒకరోజు సెలవు పెట్టి వంటింట్లో కాపు కాశాను. పక్క షెడ్డులో గ్రానైటు పాలిష్ పట్టే ఆమె వచ్చింది. పాదాల నిండా తెల్లటి రాతిపిండి. గ్లాసు ముంచుతూ నన్ను చూసి బిగుసుకుపోయింది.

"షెడ్డుకాడ నీళ్లు లేవమ్మా. అడిగితే మీరు బయట నిలబెట్టి దోసిట్లో పోస్తారు. దాంతో యాడ తీరతాది దప్పిక?" అంది తల వంచుకుని.

ఆమె వెళ్లిపోయింది. దయ్యమూ లేదు, గియ్యమూ లేదని అమ్మకు గొప్పగా చెప్పి, బిందెను చింతపండు పెట్టి మూడుసార్లు తోమాను.

ఏం సైన్సో నాది! దయ్యం తాగగా మిగిలాయనుకున్న నీళ్లు రెండు నెలలు తాగినదాన్ని, మనిషి తాగిందని తెలియగానే పారబోశాను.