ఊరెటు పోతాంది?

ఉన్న ఇల్లు పోయినందుకు సంబరపడిన మనిషిని నా జన్మలో ఒక్కణ్ణే చూశాను. హనుమకొండ బడిలో మాకు భూగోళం చెప్పిన ఆయనను ఊరంతా జుగ్రాఫియా సారు అనేది. నిజాం రోజులవి, క్లాసులో పాఠం ఉర్దూలోనే. వీధిలోకి వస్తే మాత్రం ఆయనకు తెలుగు పూనేది. తూర్పారబట్టే రైతు గాలివాటం చూసినట్టు చూపుడువేలు తడిపి పైకెత్తి, ఎదురైన ప్రతివాళ్లనూ అడిగేవాడు: "ఊరెటు పోతాంది?"

ఒకసారి మమ్మల్నందరినీ వరంగల్ స్టేషను దాకా నడిపించి, అక్కడ పల్లీలమ్మే అవ్వనూ అదే అడిగాడు.

"రైలు పోతది గని, ఊరెటు పోతది పంతులూ?"

"మరి మొన్నటిదాక నువ్వు కోటకాడ కూసునేదానివి గదా అవ్వా?"

"ఆడ గిరాకేడున్నది? మిల్లోళ్లు, రైలోళ్లు అందరు ఈడనేనాయె."

సారు చప్పట్లు కొట్టాడు. "విన్నరా? ఊరు స్టేషను దిక్కు పోతాంది!" ఆ ఆనందంలో అవ్వ గంపెడు పల్లీలూ మా జేబుల్లోకి వచ్చేశాయి.

ఆయన అద్దెకుండేది కూడా స్టేషను రోడ్డులోనే. ఆ ఎండాకాలం ఇంటాయన, బట్టల దుకాణం పెడతాను ఖాళీ చెయ్యమన్నాడు. పాపం, సామాను మోద్దామని అందరం పోయాం. అప్పటికే ఎడ్లబండి మీద మంచం, మంచం మీద సారు, ఆయన ఒళ్లో గ్లోబు.

"ఫికర్ జేస్తాండ్రేందిరా? నా ఇల్లు దుకాణమైందంటే ఊరు ఈడిదాక వచ్చినట్టే గద!"

బండాయన వెనక్కి తిరిగాడు. "ఎటు పోవాలె సారూ?"

కొత్త ఇల్లు చూసుకోవడమే ఆయన మరిచిపోయాడని మాకప్పుడు తెలిసింది. సారు పకపకా నవ్వి, వేలు తడిపి పైకెత్తాడు.