పీచు, మైనం, కర్పూరం

డెబ్బైల్లో నేను కాలువల శాఖలో ఓవర్సీరుని. ఇల్లు బెజవాడ గవర్నర్‌పేటలో, సగం బతుకు క్యాంపుల్లో. వానలు వెనకబట్టాక కాలువ చివర, సముద్రపు గాలి తగిలే చోట గుడారం వేసుకుని, గట్ల పని చూస్తూ వారాల తరబడి ఉండేవాణ్ణి. అక్కడ ఎండుపుల్ల దొరకదు. దొరికినా ఉప్పుగాలికి చెమ్మగిలి, పొగే తప్ప మంట రాదు. నాకసలే ఓపిక తక్కువ. నాలుగు పుల్లలు గీసేసరికి పొయ్యిని తిట్టడం మొదలెట్టేవాణ్ణి.

అందుకని నా భార్య ప్రతి క్యాంపుకీ ఒక డబ్బా సర్ది ఇచ్చేది. ఖాళీ అగ్గిపెట్టెల సొరుగుల్లో కొబ్బరిపీచు వదులుగా పరిచి, కొవ్వొత్తి ముక్కలు కరిగించి పోసి, ఆరేలోగా నడుమ కర్పూరం బిళ్ల గుచ్చేది. ఒకటి అంటించి పొయ్యిలో పెడితే తడికట్టె కూడా మారుమాట్లాడకుండా అంటుకునేది. అక్కడ కాలువ కాపలా చూసే లస్కరూ అతని భార్యా వాటిని చూసి తెగ ముచ్చటపడేవారు.

ఒక ఏడు వేసవిలో ఆవిడ పోయింది. దసరా సెలవుల్లో ఏమీ తోచక, కార్తీకంలో వెళ్లాల్సిన క్యాంపుకి డబ్బా నేనే తయారుచేసుకున్నాను. ఇదేమన్నా బ్రహ్మవిద్యా అనుకున్నాను. వేళ్లు కాల్చుకున్నాను, పీటంతా మైనం చేశాను. దేవుడి గూట్లో కర్పూరం సీసా తీస్తే అందులో మిరియాలు కనబడ్డాయి. వంటింట్లో ఉండాల్సినవి ఇక్కడేమిటని విసుక్కుంటూ ఏరి పోపులపెట్టెలో పడేశాను. ఆవిడ ఉంటే పడీపడీ నవ్వేది. నవ్వే మనిషి లేని ఇంట్లో పని చేసుకోవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

క్యాంపులో దిగగానే లస్కరు పెట్టె అందుకుంటూ అడిగాడు.

"అమ్మగారు బాగున్నారాండి?"

"బాగానే ఉంది" అన్నాను. నోటికి అదే వచ్చింది.

రాత్రికి తమ ఇంట్లో భోంచెయ్యమన్నాడు. వద్దన్నాను. అక్కడ కూర్చుంటే అమ్మగారి కబుర్లే వస్తాయి. నా పొయ్యి నేను వెలిగించుకుంటే చాలు, ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు.

సాయంత్రం డబ్బా మూత తీశాను. కర్పూరం లేదు. మైనంలో గుంటలు మాత్రం ఉన్నాయి. గుప్పున వాసన కొట్టింది, ఇంట్లో దేవుడి గూటి ముందు నిలబడినట్టే. తర్వాత పుల్ల మీద పుల్ల గీశాను. నేను కూరిన కూరుడికి పీచూ మైనమూ గట్టిపడిపోయి, కాస్త రగిలి ఆరిపోతున్నాయి. పొగ చూసి లస్కరు భార్య మట్టిమూకుట్లో నిప్పులు తెచ్చింది. పొయ్యి దగ్గర కూర్చుని, డబ్బాలోంచి ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"అమ్మగారు ఈసారి మిరియాలెయ్యటం మర్చిపోయినట్టున్నారండి. కర్పూరమంతా హరించిపోయింది. ఎప్పుడూ మర్చిపోరే ఆవిడ."

ఇంకేమన్నా పడేవాణ్ణి. ఆవిడ మర్చిపోయిందంటే మాత్రం భరించలేకపోయాను.

"ఆవిడ మర్చిపోలేదమ్మా. ఇవి నేను చేసినవి" అన్నాను. గొంతు గట్టిగానే లేచింది.

ఆమె చేతిలోది తిరిగి డబ్బాలో పెట్టింది. నిప్పుల మీద చితుకులు పేర్చి ఊదింది. మంట లేచాక, నావైపు చూడకుండానే మెల్లగా అడిగింది.

"ఎప్పుడండీ?"