వదినకి నవ్వు తెచ్చిన తిప్పలు
మా వదినా నేనూ బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగు చేస్తాం. అక్కడ అందరూ వదినని వసపిట్ట అంటారు. ఈ చలికాలం ఆ వసపిట్ట నోరు మూతపడింది. పెదవులు ఎంత పగిలాయంటే, నవ్వితే చాలు రక్తం వస్తోంది.

షిఫ్టు మొదలయ్యేముందు సూపర్‌వైజరు అందరి మాస్కులూ తీయించి చూస్తాడు. పెదవికి ఏం రాసుకున్నా తుడిపించేస్తాడు, సరుక్కి అంటుతుందని. రక్తం కనిపిస్తే ఇంటికి పంపేస్తాడు, ఆ రోజు కూలి పోయినట్టే. మరి వదిన ఏం చేస్తుంది? మాస్కు చాటున నాలుకతో తడుపుకునేది. ఆ తడి ఆరగానే ఇంకా మండేది.

ఇలా కాదని పనికి వెళ్ళేదారిలో మందుల షాపుకి తీసుకెళ్ళాను. వదిన చెయ్యి నేరుగా పుదీనా వాసన లిప్ బామ్ మీదికి పోయింది.

"అది మంట పెడుతుంది వదినా. వాసనా రంగూ లేనిది తీసుకో."

"తీసుకుని? దాన్ని చూసుకుంటూ ప్యాకింగు చెయ్యనా?"

"పడుకునేముందు మందంగా రాసుకుని, పొద్దున తుడిచేసి రా. నాలుక మాత్రం పెట్టకు."

"నా నాలుక నా మాట ఎప్పుడు విందే పిల్లా!"

ఇద్దరం పగలబడి నవ్వాం. వదిన కింది పెదవి చిట్లింది. గేటు దాకా రుమాలు అదిమి పట్టుకునే నడిచింది.

"రుమాలు తియ్యమ్మా," అన్నాడు సూపర్‌వైజరు. తీసింది. ఎర్రటి చుక్క ఉబికింది. అతను బయటికి చెయ్యి చూపించాడు.

ఎదురు చెప్పాలంటే పెదవి కదపాలి. వదిన రుమాలు మళ్ళీ అదుముకుని వెనక్కి తిరిగింది.