కారం డబ్బాలో పిస్తోలు

నేను చెప్పబోయేది ఇన్నంక మీరు విమానంల నా పక్క సీట్ల కూసుంటరో లేదో నాకు అనుమానమే. కూసున్నా మీ సంచిని మాత్రం నన్ను ముట్టనియ్యరు. ముట్టనియ్యకుండ్రి, అదే మంచిది. ఒక పెద్దమ్మ ముట్టనిచ్చింది, పాపం. ఆమె ఖతర్‌ల కాలు పెట్టిన పూటనే ఆమెను ఠాణా దాక తీస్కపోయే పని చేసిన నేను.

నా పేరు ఖాదర్. మాది జగిత్యాల. దోహాల అబూ హమూర్ దిక్కు కూరగాయల గోదాంల స్టోర్ కీపర్ డ్యూటీ నాది. మా అమ్మ లెక్కల మాత్రం నేను దుబాయ్‌ల ఉంట. "దుబాయ్ కాదమ్మా, ఖతర్" అంటే, "ఏదైతేంది బిడ్డా, రెండిట్ల ఇసుకనే గద" అంటది. ఆమెతోని వాదం పెట్టుకుని గెలిచినోడు మా ఇంట్ల ఇంతవరకు లేడు.

చిన్నప్పటి సంది నాకు ఒక్కటే కోరిక, ఎస్సై కావాలె. సెలక్షన్లకు పోయిన. పరుగుల నాతోటి ఉరికినోళ్లంత ఉరుకుడు అయిపోయి, అరటిపండ్లు తిని, బస్సెక్కి పోతుంటే నేను ఇంక ఉరుకుతనే ఉన్న. గట్ల ఖాకీ బట్టలు తప్పిపోయినయ్, గల్ఫ్ వీసా వచ్చింది. కానీ కోరిక పోతదా? లోపట్నే ఉంటది, సమయం కోసం సూస్తుంటది.

కరోనా పోయి దోహాల మన తెలుగోళ్లం మల్ల ఒక్కకాడ కూడుడు మొదలువెట్టిన ఏడు, పండుగ ఫంక్షన్ల ఒక నాటిక వేద్దామన్నరు. నాటిక ఆడించేటాయన ప్రసాద్ సారు, కాకినాడ మనిషి, పెద్ద కంపెనీల ఇంజనీరు. నన్ను కిందికి మీదికి చూసి, "ఖాదర్ గారూ, ఇన్‌స్పెక్టర్ వేషం మీరే వెయ్యాలండీ, ఆ మీసం మీకే ఉంది" అన్నరు. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్ అంటే నమ్ముతరా? ఆ వేషానికి గొప్ప డైలాగు ఒక్కటే. పిస్తోలు టేబుల్ మీద ధన్నుమని కొట్టి, విలన్ మొకంల మొకం పెట్టి, "చెప్పు! ఈ తుపాకీ ఎవరిది?" అని అడగాలె. గోదాంల ఉల్లిగడ్డ బస్తాల ముంగట, రాత్రి రూమ్‌ల మంచం మీద నేను ఆ డైలాగు చెప్పంగ చెప్పంగ మా నేపాలీ దోస్తు రూమ్ మార్పియ్యమని మా రూములు సూసే క్యాంప్ బాస్‌కు చెప్పుకున్నడు.

"తుపాకీ సంగతేంది సార్?" అని అడిగిన.

"అట్టతో చేసి నల్ల టేపు చుట్టేద్దామండీ."

"అట్టదా? టేబుల్ మీద కొడితే సప్పుడు రావాలె గద సార్!"

"సప్పుడు మైకులో వేయిద్దామండీ. ఇది ఖతర్, ఆటలు కాదు. బొమ్మదైనా సరే, అసలుదానిలా ఉంటే గొడవైపోతుంది. తుపాకీ విషయంలో వీళ్ళు చాలా స్ట్రిక్టు."

ఆయన చెప్పిండు. మస్తు సాఫుగ చెప్పిండు. నేను తల ఊపిన కూడ. కానీ నా చెవులు అప్పటికే ఆ ధన్నుమనే సప్పుడు ఇంటున్నయ్.

ఆ నెలల్నే సెలవు మీద ఇంటికి పోయిన. మా ఖాలా కొడుకు, అంటే చిన్నమ్మ కొడుకు, రఫీకి జగిత్యాలల ఫోటో స్టూడియో ఉంది. మన పెండ్లికొడుకులు ఇప్పుడు పిస్తోలు పట్టుకోకుంట ఫోటో దిగుతలేరు గద, వానికాడ ఇనుప బొమ్మ పిస్తోలు ఒకటి ఉంది. చేతిల పట్టుకున్న. బరువుగ, సల్లగ, అచ్చం అసలుదే. అద్దంల చూసుకుంటే నా మీసం కూడ ఇంకింత పెద్దగ కనవడ్డది.

"దుబాయ్‌ల పట్టుకుంటే ఏం జేస్తవ్ భాయ్?" అన్నడు రఫీ.

"దుబాయ్ కాదురా, ఖతర్. ఎవడు పట్టుకుంటడు? బొమ్మనే గద!"

బొమ్మనే అయితే దాసుడు ఎందుకు అని మీరు అడుగుతరు. రఫీ కూడ అడిగిండు. నేను పిస్తోలు అంగీ కింద పెట్టుకుని ఇంటికొచ్చిన. మా ఇంటామె కారం పట్టిచ్చి రెండు డబ్బాల పోసింది. ఒకటి నాకు, ఇంకొకటి దోహాలనే ముఐథర్ దిక్కు ఉండే మా దోస్తుకు. రెండు ఒకటే తీరు, ఎర్ర మూతలు. ఆమె వంటింట్లకు పోంగనే పిస్తోలును ప్లాస్టిక్ కవర్ల చుట్టి నా డబ్బాల కారం అడుగున పాతిపెట్టిన. పైన సాపు చేసిన. దొంగతనం చేసేటోనికి గింత ఓపిక ఉంటే ఇంకేమన్న మంచి పని చేసుకోవచ్చు.

హైదరాబాద్ ఎయిర్‌పోర్టుల కౌంటర్ కాడ నా సంచి ఎత్తిండ్రు. బరువు ఎక్కువైంది. "సార్, తగ్గించాలి" అన్నది కౌంటర్ పిల్ల. ఎనక లైన్ల ఉన్నోళ్లు, "అన్నా, జల్ది కానియ్యి!" అని ఒర్రుడు. గల్ఫ్‌కు పోయే మనోళ్లకు ఇసొంటప్పుడు ఒకటే దారి తెలుసు. లైన్ల ఎవల సంచి సన్నగ ఉందో సూసుడు, "జర రెండు కిలోలు పెట్టుకుంటరా" అని అడుగుడు. ఎవరూ కాదనరు. ఇయ్యాల నీది, రేపు నాది.

పక్క లైన్ల ఒక పెద్దమ్మ ఉంది. ఎర్ర అంచు నేత చీర, కౌంటర్ల ఇయ్యనీకి చేతుల చిన్న సంచి.

"అమ్మా, ఎక్కడికి పోతున్నరు?"

"దోహా బాబూ. మా అమ్మాయి దగ్గరికి. దానికి నెలలు నిండాయి. ఇదే మొదటిసారి విమానం ఎక్కడం. మాది తణుకు దగ్గరండి. నా పేరు మంగతాయారు."

"ఒక్క డబ్బా మీ సంచిల పెట్టుకుంటరా అమ్మా? కారమే. అక్కడ దిగినంక తీసుకుంట."

"దానికేం బాబూ!" అని ఆమె తన సంచి విప్పింది. జాగ కోసం రెండు చీరలు తీసి చంకల పెట్టుకున్నది. పుట్టబోయే పిల్లకు కుట్టిన తెల్లటి జుబ్బాలు మాత్రం మెల్లగ ఒక పక్కకు జరిపింది. నేను డబ్బా తీసి ఇచ్చిన. మూతలు రెండు ఎర్రయే గద. దోస్తు డబ్బా ఇస్తున్న అనుకున్న, నాదే ఇచ్చిన. ఎనక ఒర్రేటోళ్ల తొందరల బరువు కూడ చూడలే. చూసుంటే నాకప్పుడే తెలిసేది. రెండు సంచులు కౌంటర్ బెల్టు మీద లోపటికి పోయినయ్, హైదరాబాద్‌ల ఎవరూ ఆపలే.

ఇంకొకటి కూడ చేసిన, చెప్పాలె. "అక్కడ సంచి చూసి ఎవరన్న అడిగితే, అన్నీ మీవే అని చెప్పుండ్రి అమ్మా. ఇంకొకలవి అంటే పరేషాన్ చేస్తరు" అన్న.

"నాకు వాళ్ళ భాష రాదు కదా బాబూ."

"సబ్ మేరా అనుండ్రి. అంతే. అక్కడ అందరికీ హిందీ అర్థమైతది."

విమానం పోయినంతసేపు ఆమె "సబ్ మేరా, సబ్ మేరా" అని మెల్లగ వల్లె వేసింది. నేను నవ్వుకుంట నిద్రపోయిన.

దోహాల సంచులన్నీ బయటికి పోయే ముంగట స్కానర్ల పడ్తయ్. నా సంచి పోయింది, వచ్చింది. ఏమనలే. "యల్లా, యల్లా" అన్నడు అక్కడున్న మనిషి, నడువుమన్నట్టు. నేను లోపట్లోపట మురిసిపోయిన. ఎంత తెలివిగ దాసిన! ఈ స్కానర్ ఏం పట్టుకుంటది ఖాదర్‌ను? బయటి గేటు కాడ నిలవడి, పెద్దమ్మ వస్తే డబ్బా తీసుకుందామని ఎనకకు తిరిగిన.

ఆమెను టేబుల్ కాడ నిలవెట్టిండ్రు. తెల్ల చొక్కా ఆఫీసర్ ఒకరు ఆమె సంచిల నుంచి ఎర్ర మూత డబ్బా తీసిండు.

నా గుండె జారి చెప్పులల్ల పడ్డది. నా సంచి మీద చేయి పెట్టి తడిమి చూసిన. లోపల ఉన్న డబ్బా తేలికగ ఉంది.

ఇప్పుడు నేను చెప్పేది నాకు నచ్చదు, అయినా చెప్త. గేటు నా ముంగట తెరిచి ఉంది. రెండు అడుగులు వేసిన. గేటు దిక్కే వేసిన. డ్యూటీ పోతది, వీసా పోతది, జగిత్యాలల అందరి ముంగట ఇజ్జత్ పోతది అని తల గిర్రున తిరిగింది. గేటుకు అవతల అద్దంల నుంచి ఒక నిండు చూలాలు పూలు పట్టుకుని నిలవడి, లోపటికి తొంగి తొంగి చూస్తున్నది. ఆమె ఎవరి కోసం చూస్తున్నదో నాకు ఎవరూ చెప్పనక్కర లేదు. కాళ్లు ఆగినయ్. ఎనకకు తిరిగిన.

అప్పటికే ఆఫీసర్ డబ్బాల చేయి పెట్టిండు. మా ఇంటామె పట్టిచ్చిన కారం మామూలుది కాదు. ఆయన తుమ్మిండు. పక్కాయన తుమ్మిండు. లైన్ల ఉన్నోళ్లంత తుమ్ముడు మొదలువెట్టిండ్రు. తుమ్ముల నడుమ కవర్ బయటికి వచ్చింది, కవర్ల నుంచి పిస్తోలు వచ్చింది. ఒక్కసారి తుమ్ములు కూడ ఆగిపోయినయ్.

"ఏ కిస్‌కా హై?" ఇది ఎవరిదని అడిగిండు ఆఫీసర్, మెల్లగ.

పెద్దమ్మ పిస్తోలు దిక్కు చూసింది. మొకం తెల్లవడ్డది. తర్వాత నిటారుగ నిలవడి, "సబ్ మేరా" అన్నది.

"ఏ భీ?" ఇది కూడనా అన్నట్టు ఆయన పిస్తోలు పైకి లేపిండు.

"సబ్ మేరా."

నేను ఉరికిన. సెలక్షన్ల గట్ల ఉరికి ఉంటే ఈపాటికి డీఎస్పీ అయ్యేటోన్ని. "సార్, నాది! నాది అది! మేరా హై!"

"కాదు, నాదేనండీ" అన్నది పెద్దమ్మ, నన్ను పక్కకు నెట్టుకుంట. "నువ్వెళ్ళు బాబూ, నీకెందుకు?"

"అమ్మా, మీది కాదు, నాది!"

"నువ్వు ఊరుకో! సబ్ మేరా!"

ఆఫీసర్ కండ్లల్ల నుంచి కారం నీళ్లు కారుతున్నయ్. నా దిక్కు చూసిండు, ఆమె దిక్కు చూసిండు. పిస్తోలు పట్టుకుని ఉన్నడు గనక మేమిద్దరం నోరు మూసుకున్నం.

"నా సర్వీసంతా 'నాది కాదు, నాది కాదు' అన్నోళ్లనే చూసిన" అన్నడు హిందీల. "నాది నాది అని కొట్లాడుకునేటోళ్లను ఇప్పుడే చూస్తున్న."

మమ్మల్నిద్దర్ని ఒక రూమ్‌ల కూసోవెట్టిండ్రు. పిస్తోలును ఎవరో లోపటికి తీస్కపోయిండ్రు. నేను తలుపు దిక్కే చూసుకుంట కూసున్న. పెద్దమ్మ మాత్రం సంచి ఒడిల పెట్టుకుని జుబ్బాల మీద పడ్డ కారం దులుపుతున్నది.

"అమ్మా, నాది కాదని చెప్తే అయిపోతుండె గద!"

"నువ్వే కదా బాబూ అన్నీ నావేనని చెప్పమన్నావు? మాటిచ్చాక మధ్యలో ఒకటి నాది కాదంటే బాగుంటుందా?"

"అది తుపాకీ అమ్మా!"

"కనపడదా నాకు? కళ్ళజోడు పెట్టుకునే ఉన్నాను." ఆమె ఇంకొక జుబ్బా దులిపి మడత పెట్టింది. "నీకు ఉద్యోగం ఉంది, పెళ్ళాం పిల్లలుంటారు. నన్నైతే ఏం చేస్తారు, ముసలిదాన్ని? వెనక్కి పంపిస్తారు. మనవరాల్నో మనవణ్ణో ఫోన్లో చూసుకుంటాను అనుకున్నాను. నువ్వు చెడ్డవాడిలా కనపడలేదు మరి."

నాకు ఏడుపొచ్చింది. దాసుకుందామని కూడ అనిపియ్యలే. రెండు నిమిషాల పరిచయానికి ఆమె నాకోసం పుట్టబోయే పిల్లనే ఇడిసిపెట్టుకోనీకి తయారైంది. నేనేమో ఒక సప్పుడు కోసం ఆమెను ఆడిదాక తెచ్చిన. గేటు దిక్కు వేసిన ఆ రెండు అడుగుల సంగతి ఆమెకు అప్పుడే చెప్పిన. ఆమె జుబ్బాలు సంచిల సర్దుకుంట, "తిరిగొచ్చావుగా" అన్నది.

పెద్ద ఆఫీసర్ వచ్చిండు. బొమ్మనే అని తేలింది. అయినా అసలుది లెక్కనే కనవడితే ఇక్కడ బొమ్మను కూడ రానియ్యరని, ఇంకొకరి సంచిల పెట్టుడు ఇంకా పెద్ద తప్పని, మల్ల దొరికితే నేరుగ విమానం ఎక్కిస్తమని గట్టిగ మందలిచ్చిండు. ఎందుకు తెచ్చినవ్ అని అడిగితే నాటిక కోసం అన్న. "ఏం డైలాగు?" అన్నడు. "ఈ తుపాకీ ఎవరిది" అని చెప్పిన. వాళ్లు నవ్విండ్రు. తుపాకీ తెచ్చినోడే అది అడుగుతే ఎవరైనా నవ్వుతరు.

పిస్తోలు ఉంచుకున్నరు, సంతకం పెట్టిచ్చుకున్నరు, ఇడిసిపెట్టిండ్రు. కారం కూడ తిరిగి ఇస్తమన్నరు గానీ నేనే ఒద్దన్న. బయట ఆమె బిడ్డ తల్లిని పట్టుకుని ఏడుస్తుంటే నేను తల దించుకుని నిలవడ్డ. "వీడు ఖాదర్, మన వాడే. సామాను మోయడంలో సాయం చేశాడు" అన్నది పెద్దమ్మ. ఆ మాటకు నేనింకా సిగ్గువడ్డ.

ఇగ నాటిక సంగతి. ప్రసాద్ సారు అట్టతోని పిస్తోలు చేసి నల్ల టేపు చుట్టి ఇచ్చిండ్రు. హాలు నిండింది. ముందటి లైన్ల పెద్దమ్మ కూసున్నది. వాళ్లుండే గల్లీ ఫరీజ్ అబ్దుల్ అజీజ్ నుంచి బిడ్డా అల్లునితోని వచ్చింది, ఒడిల తెల్ల జుబ్బాల మనవరాలు. నేను ఖాకీ బట్టల లోపటికి వచ్చిన. అట్ట పిస్తోలు టేబుల్ మీద కొట్టిన. సప్పుడు మైకుల లేటుగ వచ్చింది, అది ఏరే సంగతి. విలన్ మొకంల మొకం పెట్టి గర్జించిన.

"చెప్పు! ఈ తుపాకీ ఎవరిది?"

విలన్ నోరు తెరిచిండు. వానికన్న ముందు ముందటి లైన్ల నుంచి గట్టిగ వినవడ్డది.

"సబ్ మేరా!"

హాలంత గొల్లుమన్నది. నేను చెప్పిన కత ప్రసాద్ సారు నోట అప్పటికే అందరికీ తెలిసిపోయి ఉంది. విలన్ టేబుల్ కిందికి దూరి నవ్వుతున్నడు. నేనొక్కన్నే ఆమె దిక్కు చూసుకుంట సెల్యూట్ కొట్టి నిలవడ్డ. నా జిందగీల నిజమైన సెల్యూట్ అదొక్కటే.

అందుకని మా ఇంటామె పట్టిచ్చిన కారం మీద చెయ్యి పెట్టి చెప్తున్న. ఇగ జన్మల తుపాకీ ముట్ట, అట్టదైనా, చాక్లెట్‌దైనా సరే. నా బరువు ఇంకొకల సంచిల పెట్ట. లైన్ల ఎవరన్న "జర ఈ డబ్బా పెట్టుకుంటవా అన్నా" అంటే కాదన, గానీ మోచేయి దాక చేయి పెట్టి దేవులాడి చూస్త, తుమ్ములొచ్చినా సరే. ఈ మాట తప్పితే తప్పెవరిదని మీరు అడగనక్కర లేదు. సబ్ మేరా.